చవక టాబ్‌లో, ఆరంగుళాల ఈ-రీడర్‌లో తెలుగు పుస్తకాలు హాయిగా చదవాలంటే

పది వేల రూపాయల లోపు టాబ్‌లో తెలుగు పీడీఎఫ్ తెరిస్తే అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. అదే ఫైలు ఆరంగుళాల కిండిల్‌లో వేస్తే చదవడమే కష్టం. అక్కడితో విసుగొచ్చి రెంటినీ పక్కన పడేసేవాళ్లు చాలామంది. పరికరం మార్చనక్కర్లేదు. ఫైలును దానికి తగ్గట్టు ఒకసారి సిద్ధం చేసుకుంటే ఈ ఇబ్బందిలో చాలా భాగం పోతుంది. చేయి తిరిగాక ఒక్కో పుస్తకానికి పది నిమిషాలకు మించి పట్టదు.

ముందు కొలతలు చూద్దాం. మన నవలలు, కథల పుస్తకాలు ఎక్కువగా వచ్చే డెమ్మీ 1/8 సైజు పేజీ సుమారు 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల పొడవు ఉంటుంది. 16:10 నిష్పత్తి ఉన్న 10.1 అంగుళాల టాబ్‌ను నిలువుగా పట్టుకుంటే తెర 5.35 × 8.56 అంగుళాలు. అంటే అచ్చు పేజీ దాదాపు అసలు సైజులోనే పడుతుంది. 8 అంగుళాల టాబ్‌లో తెర వెడల్పు 4.24 అంగుళాలే కాబట్టి పేజీ నాలుగింట మూడు వంతులకు కుంచించుకుపోతుంది. అయితే పేజీలో అచ్చు ఉండే భాగం వెడల్పు నాలుగుంపావు అంగుళాలకు అటూ ఇటూగా ఉంటుంది. చుట్టూ ఉన్న తెల్ల అంచు తీసేస్తే 8 అంగుళాల టాబ్‌లో కూడా అక్షరం అసలు సైజుకు వచ్చేస్తుంది. ఆరంగుళాల రీడర్ తెర 3.6 × 4.8 అంగుళాలు. పేజీ మొత్తం పెడితే 12 పాయింట్ల అక్షరం 8 పాయింట్ల కన్నా చిన్నదవుతుంది. అంచులు తీసేసి తెర వెడల్పుకు సరిపెడితే 10 పాయింట్లు దాటుతుంది. అంచులు తీసి రీడర్‌ను అడ్డంగా తిప్పితే అచ్చులో కన్నా పెద్దగా కనిపిస్తుంది.

సైజు ఒక్కటే చాలదు, చుక్కల సాంద్రత కూడా కావాలి. 1280 × 800 తెర 10.1 అంగుళాల టాబ్‌లో ఉంటే అంగుళానికి 149 చుక్కలే వస్తాయి. అదే తెర 8 అంగుళాల్లో ఉంటే 189. 1920 × 1200 తెర 10.1 అంగుళాల్లో ఉంటే 224. ఇంగ్లిష్ చదవడానికి 149 ఎలాగో సరిపోతుంది గానీ తెలుగులో వత్తులు, ముఖ్యంగా కింద చిన్నగా పడే క్రావడి, ణ వత్తు, ష వత్తు, అలికేసినట్టు అయిపోతాయి. ఇంకా కొననివాళ్లు ర్యామ్ కన్నా ముందు ఈ లెక్క చూడండి. డబ్బు తక్కువైతే 1280 × 800 తెర ఉన్న పదంగుళాల టాబ్ కన్నా అదే తెర ఉన్న ఎనిమిదంగుళాలది చదువుకు మేలు. ఈ-రీడర్లలో 2022లో వచ్చిన మామూలు కిండిల్‌కు 300 చుక్కలు, 16 జీబీ ఉన్నాయి. 2019 నాటి మామూలు కిండిల్‌కు 167 చుక్కలే. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఛార్జింగ్ రంధ్రం చూస్తే రెండూ తేలిపోతాయి: 2022 దానికి టైప్-సీ, 2019 దానికి పాత మైక్రో యూఎస్‌బీ.

రెండూ ఉన్నవాళ్లు పని పంచుకోవాలి. పాత పుస్తకాల స్కాన్లు, పత్రికలు, పాఠ్యపుస్తకాలు, రంగు బొమ్మలున్నవి టాబ్‌కు. గంటల తరబడి చదివే వచనం, అదీ యూనికోడ్ (తెలుగు అక్షరాన్ని ఏ పరికరమైనా తెలుగుగానే గుర్తించే పద్ధతి) అక్షరాల్లో ఉన్నది, ఈ-రీడర్‌కు. స్కాన్లను రీడర్‌లోకి ఎక్కించొచ్చు, దారి కిందే ఉంది. చేతిలో టాబ్ ఉండగా ఆ శ్రమ అక్కర్లేదు.

ఫైలు ఏ జాతిదో తేల్చుకోండి

తెలుగు పీడీఎఫ్‌లు మూడు రకాలు. ఏ రకమో తెలియకుండా యాప్‌లు మార్చుకుంటూ పోతే రోజులు గడుస్తాయి. పరీక్ష చాలా సులువు. పీడీఎఫ్ తెరిచి ఒక వాక్యం మీద వేలు నొక్కిపెట్టండి. కాపీ చేసి నోట్స్ యాప్‌లో పేస్ట్ చేయండి.

ఏమీ సెలెక్ట్ కాకపోతే అది స్కాన్, అంటే పేజీల ఫొటోలు. వెతకడం, అక్షరం పెంచడం, చదివి వినిపించడం ఏవీ పనిచేయవు.

సెలెక్ట్ అయి, పేస్ట్ చేస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా పడితే అది అను వంటి పాత ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే ప్రోగ్రామ్‌లో తయారైన పుస్తకం. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం ముక్కలను ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో పెట్టారు. తెర మీద తెలుగే కనిపిస్తుంది, లోపల ఉన్నది తెలుగు కాదు. ఇలాంటి ఫైలును ఈపబ్‌గా, అంటే తెరకు తగ్గట్టు అక్షరం సైజు మార్చుకోగల ఈ-పుస్తకం ఫైలుగా, మారిస్తే పుస్తకమంతా చెత్తగా వచ్చేది ఇందుకే. ఈ-పుస్తకాలను ఒక రకం నుంచి ఇంకో రకానికి మార్చే క్యాలిబర్ ప్రోగ్రామ్‌ను ఎన్ని సెట్టింగ్‌లతో నడిపినా బాగుపడదు. దీన్ని స్కాన్ లాగే చూడాలి. ఒక మేలు మాత్రం ఉంది: ఇది ఫొటో కాదు కాబట్టి ఎంత పెద్దది చేసినా అక్షరాల అంచులు చెదరవు.

పేస్ట్ చేసినది తెలుగులోనే సక్రమంగా పడితే అది యూనికోడ్. అక్కడక్కడ గుణింతాలు చెల్లాచెదురైతే కంగారు వద్దు, పీడీఎఫ్ నుంచి తీసినప్పుడు యూనికోడ్ తెలుగులోనూ అది మామూలే. అసలు ఈపబ్ లేదా వర్డ్ ఫైలు దొరుకుతుందేమో చూసి, అది దొరక్కపోతేనే పీడీఎఫ్ మార్చే పనికి దిగండి.

ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి చేరిన తెలుగు స్కాన్లు బోలెడు ఉన్నాయి. అక్కడ పీడీఎఫ్ పక్కనే ఈపబ్ కూడా కనిపిస్తుంది. చాలా పాత పుస్తకాలకు దాన్ని తీసుకుంటే మోసపోతారు. వాటిని ఎక్కించిన రోజుల్లో అక్కడి ఓసీఆర్‌కు (బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి పాఠంగా మార్చే ప్రోగ్రామ్‌కు) తెలుగు రాదు, ఆ ఈపబ్‌లో ఉండేది ఖాళీ పేజీలో, అర్థం లేని గుర్తులో. పీడీఎఫ్‌నే దించుకోండి. తెలుగు వికీసోర్స్‌లో ఉన్న పుస్తకాలను మాత్రం మనుషులు టైపు చేసి, అచ్చుతప్పులు దిద్దారు. అక్కడ డౌన్‌లోడ్ నొక్కితే వచ్చే ఈపబ్ అసలైన యూనికోడ్. ఈ-రీడర్ ఉన్నవాళ్లు మొదట వెళ్లాల్సిన చోటు అదే. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాతి ఏడాది మొదలు 60 ఏళ్లు గడిచిన రచనలకు కాపీహక్కు ఉండదు. బతికున్న రచయితల కొత్త పుస్తకాల స్కాన్లు గ్రూపుల్లో తిరుగుతుంటాయి. వాటిని కొని చదవాలి, తెలుగులో రాసేవాళ్లకు వచ్చేదే తక్కువ.

టాబ్‌ను చదువుకు సిద్ధం చేయడం

3 లేదా 4 జీబీ ర్యామ్ ఉన్న టాబ్ నెమ్మదించేది ఎక్కువగా కంపెనీ ముందే వేసి పంపిన యాప్‌ల వల్ల. సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితా తెరిచి, అక్కర్లేనివాటిని అన్‌ఇన్‌స్టాల్ చేయండి. అది కుదరకపోతే డిసేబుల్ చేయండి. తర్వాత అబౌట్ టాబ్లెట్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తడితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో విండో, ట్రాన్సిషన్, యానిమేటర్ అని యానిమేషన్ స్కేళ్లు మూడు ఉంటాయి. మూడింటినీ 0.5కు తగ్గించండి. టాబ్ వేగం నిజంగా పెరగదు గానీ ఎదురుచూసే సమయం తగ్గుతుంది. డెవలపర్ ఆప్షన్లలో మిగతావేవీ ముట్టుకోవద్దు.

రాత్రిళ్లు చదివేవాళ్లకు ఆండ్రాయిడ్ 12 నుంచి ఎక్స్‌ట్రా డిమ్ ఉంది. చవక తెరల్లో వెలుగు అన్నిటికన్నా తక్కువకు దించినా చీకటి గదిలో ఎక్కువే అనిపిస్తుంది, అక్కడ ఇది పనికొస్తుంది. నైట్ లైట్‌ను మరీ పసుపుగా పెట్టకండి. పసుపెక్కిన పాత కాగితం స్కాన్ మీద ఇంకో పసుపు పొర పడితే అక్షరానికీ కాగితానికీ తేడా పోతుంది.

చదివే యాప్‌లలో రెండు చాలు. ఒకటి రీడ్‌ఎరా: ఉచితం, ప్రకటనలు లేవు, పీడీఎఫ్, ఈపబ్, స్కాన్లకు వాడే డేజావూ ఫైళ్లు అన్నీ తెరుస్తుంది. రెండోది కోరీడర్: ఓపెన్ సోర్స్, ఎఫ్-డ్రాయిడ్ అనే ఉచిత యాప్‌ల స్టోర్‌లో దొరుకుతుంది. చూడ్డానికి మోటుగా ఉంటుంది, స్కాన్లకు మాత్రం దీన్ని మించింది దొరకదు. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌ను వాట్సాప్ నుంచే తెరిచి చదవడం మానుకోండి. ఆ ఫైలు వాట్సాప్ ఫోల్డర్‌లోనే ఉండిపోయి, ఎప్పుడో స్థలం ఖాళీ చేసేటప్పుడు పోతుంది. బుక్స్ అని ఒక ఫోల్డర్ పెట్టుకుని అక్కడికి మార్చండి. మారుస్తూ రచయిత పేరు, పుస్తకం పేరు, అచ్చయిన ఏడాది అనే వరసలో పేరు పెట్టండి. దించుకున్న స్కాన్ల పేర్లు తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో ఇష్టమొచ్చినట్టు రాసి ఉంటాయి, ఆరు నెలల తర్వాత వెతికితే దొరకవు.

స్కాన్ల అంచులు తీయడం

కోరీడర్‌లో పుస్తకం తెరిచి, తెర కింది భాగం మీద తడితే పలక వస్తుంది. అందులో పేజ్ క్రాప్‌ను ఆటో చేయండి. శుభ్రమైన స్కాన్ అయితే అంతటితో సరి. మన పాత పుస్తకాల దగ్గర ఇది తరచు విఫలమవుతుంది, కారణం తెలిస్తే దిద్దుకోవచ్చు. ఆటో క్రాప్ తెలుపు కానిదంతా అచ్చే అనుకుంటుంది. స్కానర్ మూత నీడ వల్ల అంచున పడ్డ నల్ల పట్టీ, గ్రంథాలయం ముద్ర, పురుగు తిన్న రంధ్రం, ఎవరో పెన్సిల్‌తో గీసిన గీత, ఇవన్నీ దానికి అచ్చే. అందుకే ఒక పేజీ పెద్దగా, తర్వాతి పేజీ చిన్నగా గెంతుతుంటుంది. అప్పుడు మాన్యువల్‌కు మార్చి, ఆ మచ్చలు బయట ఉండేలా పెట్టె గీయండి. ఎడమ పేజీకీ కుడి పేజీకీ కుట్టు వైపు అంచు వేరుగా ఉంటుంది కాబట్టి పెట్టె కాస్త వదులుగా ఉండాలి. లేకపోతే ప్రతి రెండో పేజీలో మొదటి అక్షరాలు తెగుతాయి.

కంప్యూటర్ అందుబాటులో ఉంటే బ్రిస్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ వాడటం ఇంకా మంచిది. ఇది నడవాలంటే కంప్యూటర్‌లో జావా ఉండాలి. బ్రిస్‌లో పీడీఎఫ్ తెరిస్తే సరి పేజీలన్నిటినీ ఒకదాని మీద ఒకటి, బేసి పేజీలన్నిటినీ ఒకదాని మీద ఒకటి పరిచి, రెండు బొమ్మలుగా చూపిస్తుంది. అచ్చు ఎక్కడిదాకా వస్తుందో నల్లగా కనిపిస్తుంది. దాని చుట్టూ, నాలుగు వైపులా అరసెంటీమీటరు వదిలి, పెట్టె గీసి క్రాప్ నొక్కడమే. స్కాన్ నాణ్యత ఏమాత్రం తగ్గదు, అది బొమ్మను మళ్లీ కుదించదు. రెండు పేజీలు పక్కపక్కనే స్కాన్ చేసిన పుస్తకమైతే ఒకే బొమ్మ మీద రెండు పెట్టెలు గీయండి, ప్రతి స్కాన్ రెండు పేజీలుగా విడిపోతుంది. అసలు ఫైలును మాత్రం దాచుకోండి. ఏ పేజీలోనైనా అధోజ్ఞాపిక తెగిపోతే మళ్లీ అదే కావాలి.

అక్షరాలు వెలిసిపోయినట్టుంటే కోరీడర్‌లో కాంట్రాస్ట్‌ను ఒకటి రెండు మెట్లు పెంచండి. అంతకుమించి పెంచితే సున్నా లోపలి ఖాళీ పూడిపోతుంది. అప్పుడు పూర్ణానుస్వారం నల్ల చుక్కలా, థ పొట్టలో చుక్క మచ్చలా అయి థ, ధ ఒకేలా కనిపిస్తాయి. మంచి కొలబద్ద ఇదే: 'కథ' అన్న మాట ఉన్న పేజీ ఒకటి వెతికి, అందులో థ చుక్క విడిగా కనిపించినంత వరకే కాంట్రాస్ట్ పెంచండి.

ఆర్కైవ్ పీడీఎఫ్‌లలో కొన్ని పేజీ పేజీకీ రెండు మూడు సెకన్లు నిలిచిపోతాయి. టాబ్ పాడైందని అనుకోకండి. వాటిలో పేజీ బొమ్మలు జేపెగ్ 2000 పద్ధతిలో కుదించి ఉంటాయి, వాటిని విప్పడం చవక ప్రాసెసర్‌కు భారం. కింద చెప్పే కే2పీడీఎఫ్‌ఆప్ట్‌తో ఒకసారి మారిస్తే ఆ బాధ ఉండదు.

బడి పుస్తకాల గురించి ఒక మాట. ఆంధ్రప్రదేశ్ ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. వాటిని టాబ్ అడ్డంగా తిప్పి, రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చదవాలనిపిస్తుంది. 10.1 అంగుళాల తెరలో అలా పెడితే ఏ4 పేజీ సగానికి తగ్గుతుంది. 1920 × 1200 తెర ఉంటేనే ఆ ప్రయత్నం చేయండి. లేదంటే నిలువుగా ఒక్కో పేజీ చూడటమే పిల్లల కళ్లకు మంచిది. రెండు పేజీలు పెట్టినప్పుడు జతలు తప్పితే, అంటే ఈ పాఠం తెలుగు పక్కన తర్వాతి పేజీ ఇంగ్లిష్ వస్తే, కవర్ పేజీని విడిగా చూపించే సెట్టింగ్ మార్చండి.

స్కాన్‌ను ఈ-రీడర్‌లోకి ఎక్కించాల్సి వస్తే

దీనికి కే2పీడీఎఫ్‌ఆప్ట్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడతారు. విండోస్‌లో బటన్లతో నడిచే రూపం ఉంది. ఇది పేజీ బొమ్మను కోసి, చిన్న తెరకు సరిపోయేలా మళ్లీ పేరుస్తుంది. మామూలుగా దీన్ని నడిపితే ఒక్కో మాటను కత్తిరించి కొత్త వరసల్లో సర్దుతుంది. ఇంగ్లిష్‌కు అది అద్భుతంగా పనిచేస్తుంది, తెలుగుకు చేయదు. వరస ఎక్కడ ముగిసిందో అది తెల్లని ఖాళీని బట్టి కనిపెడుతుంది. మన వత్తులు వరస కింద విడిగా వేలాడతాయి. పాత లెటర్‌ప్రెస్ అచ్చులో అక్షరానికీ వత్తుకూ మధ్య సన్నని ఖాళీ ఉంటే, వత్తుల వరసను ఇంకో వరస అనుకునే ప్రమాదం ఉంది. వరసలు బిగుతుగా ఉన్న పుస్తకంలో దీనికి వ్యతిరేకం: పై వరస వత్తులు కింది వరస గుడులకు తగిలి, రెండు వరసలూ ఒకే ముద్దగా వస్తాయి.

కాబట్టి తెలుగుకు ఫిట్ విడ్త్ పద్ధతి ఎంచుకోండి. ఇది మాటలను కదపదు. అంచులు తీసి, పేజీని అడ్డంగా రెండు మూడు ముక్కలు చేసి, రీడర్‌ను అడ్డంగా పట్టుకుని చదివేలా తిప్పి ఇస్తుంది. చేయాల్సిన వరస ఇదీ. ముందు బ్రిస్‌తో మచ్చలున్న అంచులు కోసేయండి. తర్వాత కే2పీడీఎఫ్‌ఆప్ట్‌లో ఆ ఫైలు వేసి, డివైస్‌గా మీ రీడర్‌ను, కన్వర్షన్ మోడ్‌గా ఫిట్ విడ్త్‌ను ఎంచుకోండి. ముందే పుస్తకమంతా మార్చకుండా 20 నుంచి 25 వరకు పేజీలే ఇచ్చి చూడండి. అక్షరాలు సరిగ్గా ఉన్నాయనుకున్నాకే మొత్తం నడపండి. వచ్చిన ఫైలును యూఎస్‌బీ తీగతో కిండిల్‌లోని డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో వేయండి. ఈమెయిల్‌తో పంపేవాళ్లకు 50 ఎంబీ దాకానే దారి, సెండ్ టు కిండిల్ వెబ్ పేజీలో 200 ఎంబీ దాకా. అక్షరం లేతగా ఉంటే కిండిల్‌లో పీడీఎఫ్ తెరిచినప్పుడు కాంట్రాస్ట్ సెట్టింగ్ ఉంది, దాన్ని ముదురు చేయండి. వెనక పేజీ నీడలు కనిపిస్తుంటే పేజ్ రిఫ్రెష్ ఆన్ చేయండి. బ్యాటరీ కాస్త ఎక్కువ తింటుంది, స్కాన్లకు ఆ మాత్రం ఖర్చు తప్పదు.

యూనికోడ్ తెలుగు: చూసుకోవాల్సింది ఇక్కడే

2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మలయాళం, మరాఠీ, గుజరాతీ ఉన్నాయి, తెలుగు లేదు. అందువల్ల ఏ రీడర్ కొన్నా, ఏ యాప్ వేసినా, దాని మాట నమ్మకుండా మొదట ఒక పరీక్ష పేజీతో చూడండి. ఈ మాటలు ఒక ఫైలులో టైపు చేసి ఈపబ్‌గా పంపండి: స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, సంధ్య, జ్ఞానం, ఉచ్ఛ్వాసం, కృష్ణ, ఫోన్‌లో.

పెట్టెలు పెట్టెలుగా కనిపిస్తే ఆ పరికరంలో తెలుగు ఫాంటే లేదు, ఫాంటు వేస్తే పోతుంది. అక్షరాలు కనిపిస్తూ వత్తులు మాత్రం కిందికి దిగకుండా, పొల్లుతో విడివిడిగా స్ త్ రీ అని నిలబడితే, లేదా చుక్కల సున్నాలు వస్తే, ఫాంటు ఉంది గానీ అక్షరాలు కలిపే యంత్రాంగం పనిచేయడం లేదు. ఎన్ని ఫాంట్లు మార్చినా అది తీరదు. 'ఫోన్‌లో' మధ్య చిన్న పెట్టె కనిపిస్తే, న పొల్లు విడిగా నిలబడటానికి పెట్టే కనిపించని గుర్తు ఆ ఫాంటులో లేదని అర్థం, వేరే ఫాంటు చూడాలి.

ఫాంటు విషయానికొస్తే, వచనానికి నోటో సెరిఫ్ తెలుగు, మండలి, రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. నోటో దించుకుంటే వచ్చే జిప్‌లో వేరియబుల్ ఫాంటు ఒకటి, స్టాటిక్ అనే ఫోల్డర్ ఒకటి ఉంటాయి. స్టాటిక్‌లోని రెగ్యులర్, బోల్డ్ రెండే తీసుకోండి, పాత పరికరాలు వేరియబుల్ ఫాంటుతో తికమక పడతాయి. కిండిల్‌కు యూఎస్‌బీ తగిలిస్తే ఫాంట్స్ అనే ఫోల్డర్ కనిపిస్తుంది, అందులో వేయాలి. టాబ్‌లో కోరీడర్‌కైతే కోరీడర్ ఫోల్డర్‌లోని ఫాంట్స్‌లో వేసి, యాప్ మూసి తెరవండి. కోరీడర్‌లో ఫాంట్ కెర్నింగ్ అనే సెట్టింగ్ పేరు చూస్తే అక్షరాల మధ్య ఎడం గురించి అనిపిస్తుంది, నిజానికి అక్షరాలు కలిపే పని కూడా దాని చేతిలోనే ఉంది. దాన్ని బెస్ట్‌లో పెట్టాలి. ఫాస్ట్‌లో ఉంటే వత్తులు విరుగుతాయి.

క్యాలిబర్‌తో ఫాంటును పుస్తకంలోనే అతికించొచ్చు. పుస్తకం ఎంచుకుని కన్వర్ట్ నొక్కి, కిండిల్‌కైతే దాని సొంత రకం ఏజెడ్‌డబ్ల్యూ3, ఇతర రీడర్లకైతే ఈపబ్ ఎంచుకోండి. లుక్ అండ్ ఫీల్‌లో ఫాంట్స్ కింద ఎంబెడ్ ఫాంట్ ఫ్యామిలీ దగ్గర తెలుగు ఫాంటు పెట్టండి. కిండిల్‌లో తెరిచాక ఫాంట్ల జాబితాలో పబ్లిషర్ ఫాంట్ ఎంచుకుంటేనే మీరు అతికించింది కనిపిస్తుంది. ఈ ఒక్కటి మరిచిపోయి, అతికించడం ఫలించలేదనుకునేవాళ్లు ఎక్కువ.

వరసల ఎడం కాస్త పెంచండి, లేకపోతే పై వరస వత్తులు కింది వరస గుడులను తాకుతాయి. రెండు వైపులా సమంగా సర్దే జస్టిఫై తీసేసి, ఎడమ వైపు సర్దుడు పెట్టండి. తెలుగు మాటలు పొడవు, చిన్న తెర మీద వరసకు నాలుగైదే పడతాయి. జస్టిఫై ఉంటే మాటల మధ్య పెద్ద పెద్ద గుంతలు వస్తాయి.

వత్తులు విరిచే రీడర్ మీ చేతిలో ఉంటే, దానికి తప్పకుండా పనిచేసే దారి ఒకటి ఉంది: అక్షరాలు కలిపే పని కంప్యూటర్‌లోనే ముగించి, తెర సైజు పీడీఎఫ్ తయారు చేయడం. పీడీఎఫ్‌లో అక్షరాల ఆకారాలు బిగించి ఉంటాయి కాబట్టి రీడర్‌కు తెలుగు రానక్కర్లేదు. వర్డ్ లాంటి ఉచిత ప్రోగ్రామ్ లిబ్రెఆఫీస్ రైటర్‌లో పుస్తకం పాఠం వేసుకోండి. పేజీ వెడల్పు 9.1 సెంటీమీటర్లు, ఎత్తు 12.2 సెంటీమీటర్లు, నాలుగు వైపులా అంచు 0.4 సెంటీమీటర్లు పెట్టండి. హెడర్, ఫుటర్ వద్దు. అక్షరం 11 పాయింట్లతో మొదలుపెట్టండి. ఒకే పాయింటు సైజులో ఒక్కో తెలుగు ఫాంటు ఒక్కో పరిమాణంలో కనిపిస్తుంది, ఒక పేజీ రీడర్‌లో చూసి సవరించండి.

ఇక్కడ అందరూ తడబడేది ఒకటుంది. స్టైల్‌లో ఫాంటు, సైజు మార్చినా తెలుగు కదలదు, మధ్యలో ఉన్న ఇంగ్లిష్ మాటలు, అంకెలు మాత్రమే మారతాయి. లిబ్రెఆఫీస్ తెలుగును కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ కింద లెక్కిస్తుంది, దాని ఫాంటు, సైజు విడిగా ఉంటాయి. టూల్స్, ఆప్షన్స్‌లోని భాషల సెట్టింగ్‌లలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌ను ఆన్ చేస్తే స్టైల్‌లో ఆ భాగం కనిపిస్తుంది. అక్కడ మార్చాలి. అధ్యాయాల పేర్లకు హెడింగ్ 1 స్టైల్ ఇచ్చి, పీడీఎఫ్‌గా ఎగుమతి చేసేటప్పుడు అవుట్‌లైన్లు చేర్చమని టిక్ పెడితే రీడర్‌లో విషయసూచిక వస్తుంది. పేజీల సంఖ్య అచ్చు పుస్తకానికి రెండింతలు దాటుతుంది, దాని గురించి ఆలోచించకండి. ఇలా చేశాక రీడర్‌లో అక్షరం పెంచడం కుదరదు. అందుకే ఇంట్లో పెద్దవాళ్ల కోసం 14 పాయింట్లతో రెండో ప్రతి చేసి ఉంచడం మంచిది.

స్కాన్ నుంచి అక్షరాలు రాబట్టడం, వినడం

చాలా ఇష్టమైన పుస్తకం స్కాన్ రూపంలోనే ఉంటే ఓసీఆర్ చేయొచ్చు. గూగుల్ డ్రైవ్‌లో పేజీలు వేసి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలు వస్తాయి. ఒక్కో ఫైలు 2 ఎంబీ మించకుండా, పది పేజీల చొప్పున విడగొట్టండి. పెద్ద ఫైలు వేస్తే మొదటి కొన్ని పేజీలు చేసి ఆపేస్తుంది, మిగతావి రాలేదని చెప్పదు కూడా. అను ఫాంట్ల పీడీఎఫ్‌ను నేరుగా వేయకుండా, ముందు పేజీలను బొమ్మలుగా మార్చి వేయండి. లేకపోతే లోపలున్న చెత్త అక్షరాలనే పట్టుకొస్తుంది. తప్పులు ఎక్కువగా పడేవి థ–ధ, ప–వ, మ–య జంటల దగ్గర, అరసున్న దగ్గర. దిద్దకుండా వదిలేస్తే కథ అర్థమవుతుంది, పద్యం మాత్రం పాడవుతుంది.

యూనికోడ్ పాఠం చేతికొస్తే టాబ్ దాన్ని చదివి వినిపిస్తుంది కూడా. టెక్స్ట్ టు స్పీచ్ సెట్టింగ్‌లో గూగుల్ స్పీచ్ ఎంచుకుని, తెలుగు గొంతు దించుకోండి. వేగం మామూలు కన్నా కాస్త తగ్గించండి. రీడ్‌ఎరాలో ఈపబ్ తెరిచి చదివించే బటన్ నొక్కితే చాలు. కళ్లు కనిపించని తాతయ్యలకు, అమ్మమ్మలకు చవక టాబ్ చేయగల అతి పెద్ద సాయం ఇదే, దీనికోసమైనా ఒక పుస్తకాన్ని శ్రద్ధగా ఓసీఆర్ చేసి దిద్దొచ్చు. పాత వచనంలో మాట తెలియకపోతే తెరను రెండుగా చీల్చి, పైన పుస్తకం, కింద ఆంధ్రభారతి నిఘంటు శోధన పేజీ పెట్టుకోండి. చాలా నిఘంటువులను ఒకేసారి వెతుకుతుంది.

కార్డు, బ్యాటరీ

10–30 ఎంబీ ఉండే స్కాన్లు వెయ్యి పెట్టినా 30 జీబీ దాటవు, కాబట్టి టాబ్‌కు 64 జీబీ మెమరీ కార్డు చాలు. కొన్న రోజే కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే కార్డుల పరీక్ష ప్రోగ్రామ్ నడిపి పరీక్షించండి. నకిలీ కార్డు 64 జీబీ అని చూపిస్తూ లోపల అందులో నాలుగో వంతే ఉండొచ్చు. అది నిండేదాకా అంతా బాగానే ఉండి, తర్వాత వేసిన ఫైళ్లు తెరుచుకోవు. పరీక్షకు గంటకు పైగా పడుతుంది, వాపసు ఇచ్చే గడువులోపే చేయాలి.

టాబ్‌ను రోజంతా ఛార్జర్‌కు వదిలేయకండి. 80 శాతం దగ్గర తీసేసి, 20కి ముందే పెట్టండి. బ్యాటరీని అన్నిటికన్నా ఎక్కువగా తినేది వేడి. ఎండాకాలంలో కారులో వదలడం, పరుపు మీద పెట్టి ఛార్జ్ చేయడం రెండూ చేటే. ఈ-రీడర్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచితే ఛార్జింగ్ వారాల తరబడి వస్తుంది. నెలల తరబడి వాడబోకపోతే సగం ఛార్జింగ్‌తో ఆపి దాచండి. పూర్తిగా ఖాళీ అయిపోయి పడి ఉన్న రీడర్ తెరుచుకోకపోతే, పాడైందనుకునే ముందు మామూలు 5 వోల్టుల ఛార్జర్‌కు కొన్ని గంటలు తగిలించి ఉంచి, తర్వాత పవర్ బటన్‌ను 40 సెకన్లు నొక్కిపెట్టి చూడండి.